తూర్పుకు తిప్పిన ఏరియల్

1999 ఆగస్టు 19, గురువారం సాయంత్రం ఆరూ నలభై ఐదుకు తిప్పయ్య టీవీలో కనిపించాడు. పాము కరిచి చనిపోయి అప్పటికి ఇరవై మూడు రోజులు.

జూలైలో దూరదర్శన్ వాళ్లు గుమ్మఘట్ట దగ్గర వేరుశనగ చేలు తిరిగి కొందరు రైతులతో మాట్లాడించారు. వాళ్లలో తిప్పయ్య ఒకడు. అది టీవీలో వచ్చే తేదీ, టైము ఒక చీటీ మీద రాసిచ్చారు. అతని భార్య నల్లమ్మ ఆ చీటీని ఉప్పుజాడీ కింద పెట్టింది. ఇంట్లో తిప్పయ్య ఫోటో లేదు. పెళ్లికి తీయించలేదు. ఓటరు కార్డుకు ఫోటోలు తీసిన రోజు అతను బళ్ళారికి కూలికి పోయాడు. మొగుని ముఖం మళ్లీ చూడాలంటే నల్లమ్మకు మిగిలింది ఆ చీటీలో ఉన్న పూట ఒక్కటే.

టీవీ మరిది మారెప్పది. గాలికి ఏరియల్ పడిపోయి రెండు నెలలైంది. అంతకుముందు దాన్ని కట్టింది రాయదుర్గం మెకానిక్కు. ఇప్పుడు వచ్చి చూసేందుకు నూటయాభై అడిగాడు.

"ఆ దుడ్లకు ఇంగో ఏరియలే వస్తాది. మనమే సూసుకుందాం వదినా," అన్నాడు మారెప్ప.

గురువారం మధ్యాహ్నం వెదురు కట్టెకు ఏరియల్ కట్టారు. నల్లమ్మ మిద్దె మీద నిలబడి కట్టె తిప్పింది. మారెప్ప కింద టీవీ నాబ్ తిప్పాడు.

"వచ్చినాదా?"

"చుక్కలు. ఇంగా తిప్పు."

"ఇప్పుడు?"

"మనిషి వచ్చినాడు, తల రాలేదు!"

తూర్పుకు పెడితే బొమ్మ నిండా చుక్కలు. ఉత్తరానికి పెడితే చుక్కలు పోయాయి. మారెప్ప దగ్గర ఇంకో పరీక్ష ఉంది. ఏరియల్ ముందు రేకు అడ్డం పెట్టాలి. అప్పటికీ బొమ్మ నిలిస్తే సిగ్నల్ గట్టిదని లెక్క. తూర్పున రేకు పెట్టగానే బొమ్మ పోయింది. ఉత్తరాన నిలిచింది. రెండు దిక్కులా వచ్చింది ఒకే హిందీ కార్యక్రమం. మారెప్ప పైకెక్కి కట్టెను ఉత్తరానికి తిప్పి ఇనుప తీగతో బిగించాడు.

తూర్పున అనంతపురం టవరు, ఉత్తరాన కర్ణాటక వాళ్ల బళ్ళారి టవరు. మధ్యాహ్నం రెండూ ఢిల్లీ కార్యక్రమమే చూపిస్తాయి. సాయంత్రం ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రానికి వస్తుంది. ఆ పూట ఇది ఇద్దరికీ తట్టలేదు.

ఆరున్నరకు ఇంట్లో పదకొండు మంది కూర్చున్నారు. నల్లమ్మ అందరికంటే ముందు కూర్చుంది. బొమ్మలో ఒక్క చుక్క లేదు. మాట కన్నడం.

"ఏమప్పా మారెప్పా, మీయన్న కన్నడంలో చెప్పినాడా?" అంది పక్కింటి చిన్నక్క. ఎవరూ నవ్వలేదు.

నాబ్ సంగతి తెలిసింది మారెప్పకే, అందుకే అతను టీవీ దగ్గరే ఉన్నాడు. నల్లమ్మ లేచి నిచ్చెన ఎక్కింది. తీగ ముడి చేతికి రాలేదు. పళ్లతో లాగింది. ముడి వచ్చేసరికి పది నిమిషాలు పట్టింది. కట్టెను తూర్పుకు తిప్పింది.

"తెలుగు వచ్చినాది! బొమ్మ లేదు. పైకెత్తు వదినా!"

రెండు చేతులతో కట్టెను రొమ్ము దాకా ఎత్తింది.

"ఆడనే! ఆడనే ఉండు, వదలొద్దు!"

కాసేపటికి చిన్నక్క అరిచింది. "అమ్మీ, నీ మొగుడే! తలగుడ్డ చుట్టుకున్యాడు. నవ్వుతాండాడు!"

"ఎవరన్నా పైకి రాండి. నేను సూడల్ల!"

మారెప్ప నిచ్చెన దగ్గరికి పరుగెత్తాడు. నల్లమ్మ కట్టె దించబోయింది. "బొమ్మ పోయ, పోయ!" అని లోపలి నుంచి అరిచారు. మళ్లీ ఎత్తింది.

తిప్పయ్య గొంతు మిద్దె మీదికి వినిపించింది. ఎకరాకు ఎంత విత్తనం వేస్తావని ఎవరో అడుగుతున్నారు.

"ఆ లెక్కలన్నీ మా ఆడమనిషికి తెలుసు సార్. ఉండండి, పిలుస్తా. నల్లమ్మా! ఈడికి రా!"

ఆ రోజు చేలో ఆమె సిగ్గుపడి రాలేదు.

"ఆఁ," అంది మిద్దె మీద నల్లమ్మ.

మారెప్ప పైకొచ్చి కట్టె అందుకున్నాడు. నల్లమ్మ కిందికి దిగి ఇంట్లోకి వచ్చేసరికి ఆరూ నలభై ఎనిమిది. టీవీలో వేరే ఊరి రైతు ఎరువుల గురించి మాట్లాడుతున్నాడు. నల్లమ్మ కూర్చుని అది చివరిదాకా చూసింది. ఏడు గంటలకు వార్తలు మొదలయ్యాయి.