ఒకే అట్ట

వంతెనని వరద ఎత్తుకుపోయిన ఏడు జరిగిందిది. పిల్లలు పుట్టకుండా మాత్రలు ఊరికే ఇచ్చే ఆస్పత్రి గదిలోకి నడుంలోతు నీళ్ళొచ్చాయి. దాన్ని మూసేశారు. ఇక మిగిలింది వీధి చివర మందుల కొట్టు. కొట్టతను మాత్రల అట్టని కాగితంలో చుట్టి దొంగసొత్తులా అందిస్తాడు. ధర మాత్రం నలుగురూ వినేలా చెప్తాడు.

ఆ ధర విని లాండ్రీలో ఇస్త్రీ చేసే ఆవిడ వట్టి చేతులతో తిరిగొచ్చింది. మొగుణ్ణి అడిగితే, "నెలనెలా అదో దండగ. జాగ్రత్తగా ఉండటం తెలీదా నీకు?" అన్నాడు. చెయ్యి వేసేది తను, జాగ్రత్త నాదా అనుకుంది గానీ పైకి అనలేదు.

ఆవిడ చిన్న తోడికోడలు కూడా ఆ లాండ్రీలోనే బట్టలుతుకుతుంది. ఒకనాడు ఇద్దరూ చెరో కొసా పట్టి దుప్పటి మడత పెడుతుంటే ఇస్త్రీ ఆవిడకి ఉపాయం తట్టింది.

"ఒక్క అట్ట కొందామే. ఓరోజు నేను, ఓరోజు నువ్వు."

"భలేదానివక్కా! మొగుళ్ళని తప్ప అన్నీ పంచేస్తున్నావ్" అని చిన్నామె పడీపడీ నవ్వింది.

మూడో నెల్లో చిన్నామె ఉతికే తొట్టి పక్కన వాంతి చేసుకుంది. చంటిది ఇంకా పాలు మానలేదు. ఇస్త్రీ ఆవిడ ఆమెని వెంటబెట్టుకుని పడవలో ఏటవతల పెద్దాస్పత్రికి తీసుకెళ్ళింది. నర్సు పరీక్ష చేసి, "రోజు విడిచి రోజు వేసుకుంటే వేసుకోనట్టేనమ్మా! ఎవరు చెప్పారు నీకిది?" అంది.

చిన్నామె పక్కకి చూడలేదు. "నేనే అనుకున్నానండీ" అంది.

ఆవిడకి నేల చీలితే బావుండుననిపించింది. నేనే చెప్పానని నోటిదాకా వచ్చి ఆగిపోయింది. మడతలో మడత పెట్టినట్టు, తన సిగ్గు మీద చిన్నదాని మంచితనం కప్పేసింది. దారంతా దుప్పటి మడత పెట్టిననాటి ఆ నవ్వే చెవుల్లో మోగింది. కొట్లో గొంతెత్తడానికి సిగ్గు, ఇంట్లో రెండోసారి అడగడానికి సిగ్గు, ఇప్పుడు నిజం చెప్పడానికీ సిగ్గేనా? ఇంతకీ ఇందులో సిగ్గుపడాల్సింది తనొక్కతేనా?

అన్నాల దగ్గర అత్తగారూ మరిదీ వింటుండగా మొగుడితో అంది. "చిన్నదాని తప్పేం లేదు. అట్ట పంచింది నేను. దండగన్నది నువ్వు."

మొగుడు అన్నం సగంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే మందుల కొట్టుకి వెళ్ళాడు. తలనొప్పి బిళ్ళలు పట్టుకొచ్చాడు.

"జనం ఉన్నారు. అడగలేకపోయా" అన్నాడు గోడ చూస్తూ.

"నేను అడిగినప్పుడూ ఉన్నారు" అందావిడ. "మళ్ళీ వెళ్ళు. కాగితం చుట్టొద్దని చెప్పు."

అతను చెప్పులు తొడుక్కుని మళ్ళీ వెళ్ళాడు.