కదలని టీచరు

మా అత్తయ్య ఒకప్పుడు మాటల పుట్ట. ఫోనెత్తితే అవతలివాళ్ళకి ఊపిరి పీల్చుకునే సందిచ్చేది కాదు. ఆవిడకీ నాకూ పడేది కాదని దాచేదేముంది? కూరలో ఉప్పు దగ్గర మొదలైన గొడవ మా పుట్టింటిదాకా వెళ్ళి ఆగేది. అలాంటి మనిషికి పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ కోలుకున్నాయి గానీ మాట పడిపోయింది. ఇల్లు బోసిపోయింది.

ట్యాబ్‌లో వీడియో కాల్ మీద ఒక టీచరు ఆవిడకి మళ్ళీ మాటలు నేర్పుతోంది. ఆ టీచరు పద్ధతి ఒకటుంది: బొమ్మ చూపించి ఊరుకుంటుంది. మొదటి అక్షరం కూడా అందివ్వదు, తొందరపెట్టదు, కదలదు. మాట తనంతట తనే నోట్లోంచి రావాలంటుంది. పక్కనున్నవాళ్ళు అసలు నోరు విప్పకూడదు. ఆ నిగ్రహం నాకు లేదు కాబట్టి క్లాసప్పుడు గదిలోకే వెళ్ళేదాన్ని కాదు.

క్లాసులకి ఆటంకం ఉండకూడదనే మా ఆయన కొత్తగా ఫైబర్ నెట్ పెట్టించాడు. హాల్లో కొత్త బాక్సు బిగించి, వేగం చూసి మురిసిపోయాడు. సరిగ్గా ఆ తర్వాతే అత్తయ్య డీలా పడింది. చివరికి ఒకరోజు ట్యాబ్ బోర్లా పెట్టేసి గోడవైపు తిరిగి పడుకుంది.

"ఇష్టం లేదేమోలే, బలవంతం చెయ్యకు" అన్నాడు మా ఆయన.

నాకు ఒళ్ళు మండింది. "ఇప్పుడు మానేస్తే ఇంక మాట రాదని డాక్టరు చెప్పలేదూ?"

ఇంకొక్కసారని బతిమాలి కూర్చోబెట్టాను. ఉతికిన బట్టలు బీరువాలో సర్దే వంకతో నేనూ గదిలోనే ఉన్నాను. తెరమీద తాళం బొమ్మ. అత్తయ్య పెదాలు నానా తంటాలు పడ్డాయి. మెడ నరాలు ఉబ్బాయి.

"తా...ళం" అంది.

నేను చప్పట్లు కొట్టబోయి ఆగాను. టీచరు మాత్రం ఉలకలేదు, పలకలేదు. అత్తయ్య మళ్ళీ అంది, ఈసారి అనుమానంగా. ఇంకోసారి మొదలెట్టి, సగంలో ఆపేసి తలదించుకుంది. అప్పుడు చూశాను. కళ్ళజోడు సర్దుకోబోయిన టీచరు చెయ్యి గాల్లోనే ఆగిపోయి ఉంది.

టీచరు ఎదురుచూడటం లేదు, తెర బిగుసుకుపోయింది. ఇన్నాళ్ళూ అత్తయ్య సరిగ్గానే చెప్తూ, తప్పు చెప్పాననుకుని లోలోపల కుమిలిపోతోంది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

నెట్ కంపెనీకి ఫోన్ చేస్తే ఒకతను వచ్చాడు. హాల్లో నిలబడి ఫోన్‌లో చూసి, "నెట్ పరుగులు పెడుతోంది మేడం" అన్నాడు.

"మా అత్తయ్య హాల్లో ఉండదు బాబూ. లోపలికొచ్చి ఆ మంచంమీద కూర్చుని ఈ ట్యాబ్‌లో చూడు."

కూర్చుని చూశాడు. నెట్ పాకుతోంది. మంచం వెనక అరలో వెలుగుతున్న డబ్బా చూపించి, "ఇదేంటండీ?" అన్నాడు.

"పాత బాక్సు. కొత్తది వచ్చాక చవక ప్లానుకి మార్చాను గానీ ఆ కనెక్షన్ ఇంకా తీయించలేదు" అన్నాడు మా ఆయన.

"రెండింటికీ ఒకటే పేరు, ఒకటే పాస్‌వర్డు పెట్టారా?"

మా ఆయన తల గోక్కున్నాడు. "అమ్మ మళ్ళీ తిప్పలు పడకూడదని కొత్తదానికీ పాతవే పెట్టాను."

"ఇంకేం! ట్యాబ్‌కి తేడా తెలీక పక్కనున్న పాతదాన్నే పట్టుకుని వేలాడుతోంది."

పాత బాక్సు ప్లగ్గు నేనే పీకాను. కొత్తది ఆ గదిదాకా చక్కగా అందింది. అమ్మ మీద ప్రేమతో చేసిన పనికి మా ఆయన్ని ఏమంటాను? కొంచెం అన్నాను.

తర్వాత అత్తయ్య పక్కన కూర్చున్నాను.

"తప్పు మీ నోటిది కాదత్తయ్యా. మీ మాట టీచరుదాకా వెళ్ళనే లేదు. నేను విన్నాను. తాళం అన్నారు."

ఆవిడ నమ్మినట్టు లేదు.

తర్వాతి క్లాసుకి నా చెయ్యి వదల్లేదు. చేసేది లేక పక్కనే కూర్చున్నాను. తెరమీద కత్తెర. అత్తయ్య నోరు తెరిచింది గానీ మాట రాలేదు. టీచరు కదల్లేదు. నా చేతిలో ఆవిడ చెయ్యి చల్లబడింది. మళ్ళీ ఆగిపోయిందా అని నాకూ భయమేసింది.

అంతలో టీచరు కళ్ళార్పింది.

అత్తయ్య అది చూసింది. వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంది.

"క..." అంది. "క... క..."

నేనిక ఉండబట్టలేక, "కత్తె..." అని అందించబోయాను.

అత్తయ్య గిరుక్కున నావైపు తిరిగింది.

"నువ్వుండవే!"

టీచరు పకపకా నవ్వింది. నేను ఏడుస్తూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. అత్తయ్య తెరవైపు తిరిగి, మళ్ళీ "క..." దగ్గర్నుంచి మొదలెట్టింది.