పురిటి ఊట మీద కాంక్రీటు

పసిబిడ్డ నాగి చనిపోయిన వారంలోనే కాంట్రాక్టర్ ఇరెయి ఆ ఇంటికొచ్చి అగరుబత్తి వెలిగించాడు. చేతులు జోడించి కాసేపు కళ్ళు మూసుకున్నాడు. ఆ బత్తి సగం కాలకముందే అసలు సంగతికొచ్చాడు.

"సోమవారం ఊట మీద కాంక్రీటు పోయిస్తున్నాను. ఇంకే బిడ్డకీ ఏం కాకూడదు కదమ్మా."

తల్లి చిహారు గోడవైపు తిరిగి కూర్చుంది. మూల కూర్చున్న ముత్తవ్వ మకటు తల ఎత్తలేదు. వాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం కూడా మానేశారు. పరామర్శకొచ్చి గుమ్మం దగ్గరున్న నేను వాడి దొంగ జాలి వినలేక బయటికి వచ్చేశాను.

మా దీవిలో మా ఊరు ఒకప్పుడు అమెరికా సైన్యం కంచె లోపలుండేది. యుద్ధం అయ్యాక అమెరికా వాళ్ళు మమ్మల్ని బయటికి తోలి, మా చేల మీద తమ సిపాయిల కుటుంబాలకు ఇళ్ళు కట్టుకున్నారు. మా నేల మీద లేచిన ఆ ఇళ్ళలో మా అమ్మలే నేల తుడిచారు. మా పురిటి ఊట కూడా లోపలే ఉండిపోయింది. మా ఊళ్ళో బిడ్డ పుడితే ఆ నీళ్ళు వేలితో మూడుసార్లు నుదుటికి అద్దాలి. అప్పుడే ఆ బిడ్డ ఊరి బిడ్డ అవుతుంది. కంచె బయట పుట్టిన నా ఈడు వాళ్ళెవరికీ ఆ తడి తగల్లేదు.

అమెరికా వాళ్ళు ఖాళీ చేసి నేల తిరిగిచ్చాక మొదట పుట్టింది నాగి. ముసలివాళ్ళంతా పాటలు పాడుతూ ఊట దగ్గరికి వెళ్ళారు. మకటు అవ్వ బిడ్డ నుదుటికి నీళ్ళు అద్ది, సీసాల్లో ఇంటికి కూడా తెచ్చింది. పాలపొడి ఆ నీళ్ళతోనే కలపమంది.

"ఒకసారి పరీక్ష చేయిద్దాం అవ్వా," అంది చిహారు.

"కన్నతల్లి పాలను ఎవరైనా పరీక్ష చేయిస్తారటే?" అంది అవ్వ.

చిహారు ఆ నీళ్ళతోనే పాలు కలిపింది.

ఖాళీ అయిన ఆ ఇళ్ళను కూలగొట్టే పనిలో నేనూ కూలీనే. ఊటకు ఎగువన తవ్వుతుంటే సైన్యం పాతిపెట్టిపోయిన పీపాలు, తుప్పు పట్టి చిల్లులు పడ్డవి, బయటపడ్డాయి. లోపలున్నదంతా ఎప్పుడో నేలలోకి ఇంకిపోయింది. ఆ వాసనకు కళ్ళు మండాయి. అప్పటికే నాగి ఆసుపత్రిలో ఉంది. మేం పని ఆపేశాం. ఇరెయి పొరుగూరి కూలీలను తెచ్చి మట్టి కప్పించాడు. బిడ్డ జ్వరంతో పోయిందని సర్కారు వాళ్ళు తేల్చేశారు.

ఆదివారం ఊరి హాల్లో మీటింగు పెట్టాం.

"మూసేస్తేనే మంచిది," అన్నాడు భూస్వామి కొచిందా. "అక్కడ దుకాణాలు రావాలి, మన పిల్లలకు ఉద్యోగాలు రావాలి. విషం విషం అని మనమే టముకు వేసుకుంటే ఎవడొస్తాడు?"

చేపలమ్మే ఉషి లేచింది. "కంచె ఉన్నన్నాళ్ళూ అమెరికా వాళ్ళ కౌలు తిన్నావు. ఇప్పుడు దుకాణాల కౌలు తింటావు. నీ కడుపేమన్నా చెరువా?"

"నోరు జాగ్రత్త ఉషీ."

"చేపలమ్ముకునే నోరు. ఇట్లాగే ఉంటుంది."

అప్పుడు చిహారు మాట్లాడింది. బిడ్డ పోయాక నలుగురిలో నోరు విప్పడం అదే మొదలు. "ఊట మూసేస్తే పరీక్షకు నీళ్ళు దొరకవు. నీళ్ళు దొరక్కపోతే నా బిడ్డ జ్వరంతో పోయిందన్నదే నిజమైపోతుంది."

వెనక నుంచి జెన్‌సుకె లేచాడు. కాంక్రీటు లారీ తోలేది అతనే.

"రేపు ఆ లారీ తోలేది నేనే. తోలకపోతే ఇంకొకడు తోలతాడు. కానీ ఒకటి. కలిపాక గంటన్నర దాటితే ఆ కాంక్రీటు ముద్ద పనికిరాదు. ఈ ఎండకు ఇంకా ముందే బిగుసుకుంటుంది."

"అయితే మమ్మల్నేం చెయ్యమంటావు?" అంది ఉషి.

"పోలీసులు ఎత్తడానికొస్తే ఒళ్ళు వదిలేసి బరువెక్కండి. అంతసేపూ లారీ ఆగాల్సిందే."

ఉషి తన నడుం తడుముకుంది. "నన్ను ఎత్తాలంటే ఆరుగురైనా రావాలి. మీరే బక్కచిక్కి చచ్చారు."

అన్ని రోజుల తర్వాత ఆ హాల్లో నవ్వు వినబడింది. చిహారు మాత్రం నవ్వలేదు.

సోమవారం ఊట చుట్టూ చాపలు పరిచి కూర్చున్నాం. లారీలు వచ్చాయి, వాటి ముందు పోలీసులు వచ్చారు. అందరూ మా దీవి పిల్లలే.

"అవ్వా, లేవండి. దెబ్బ తగులుతుంది," అన్నాడొక పోలీసు ఓ ముసలామెతో.

"మెల్లగా ఎత్తు బాబూ. మీ అమ్మమ్మనైతే ఇట్లాగే గుంజుతావా?"

ఒళ్ళు వదిలేసి పడుకున్నాం. ఒక్కొక్కరిని మోసుకెళ్ళి రోడ్డు పక్కన దించుతున్నారు. దించిన వాళ్ళం చుట్టు తిరిగొచ్చి మళ్ళీ కూర్చుంటున్నాం. పోలీసుల చొక్కాలు తడిసిపోయాయి. లారీల మీద కాంక్రీటు కలిపే డోళ్ళు తిరుగుతూనే ఉన్నాయి. ఇరెయి కేకలు పెడుతున్నాడు. చివరికి జెన్‌సుకె కిందికి దిగి ముద్దను వేలితో నొక్కి చూసి, "పోయింది సార్, పనికిరాదు," అన్నాడు. లారీలు వెనక్కి తిరిగాయి.

ఇరెయి కోపం మకటు అవ్వ మీద పడింది. ఆమె ఊట రాయిని రెండు చేతులా కరుచుకుని ఉంది. పోలీసు అధికారి ఆమె ముందు వంగి పేరడిగాడు, చనిపోయిన బిడ్డకు ఏమవుతావని అడిగాడు.

"ముత్తవ్వను. ఆ నీళ్ళు పోసింది నేనే," అంది అవ్వ.

"విన్నారా," అన్నాడు ఇరెయి. "ఆమె నోటితో ఆమే ఒప్పుకుంది."

"ఒప్పుకున్నాను. రాసుకో. ఈ నీళ్ళలో విషం ఎవరు పోశారో అది కూడా రాయి. రాసేదాకా ఈ రాయి వదలను."

చిహారు జనంలోంచి లేచి వచ్చింది. అవ్వను నిలదీస్తుందనే అనుకున్నాం. ఆమె అవ్వ పక్కన కూర్చుని, రాయిని పట్టుకున్న ఆమె చేతి మీద తన చెయ్యి వేసింది.

"ఈవిణ్ణి తీసుకెళ్తే నన్నూ తీసుకెళ్ళండి. పాలు కలిపింది నేను."

ఇద్దరినీ వ్యాన్ ఎక్కించారు. అద్దంలోంచి చూస్తే చిహారు అవ్వ ఒడిలో తల పెట్టి ఏడుస్తోంది. రోడ్డు మీద నిలబడి మేమూ ఏడ్చాం.

మర్నాడు పొద్దున లారీలు మళ్ళీ వచ్చాయి. జెన్‌సుకె ఆ వేళ లారీలో లేడు, ఉషి పక్కన చాప మీద ఉన్నాడు. నిన్నటికంటే జనం ఎక్కువే వచ్చారు. మా వెనక ఊట పారుతూనే ఉంది. ఆ నీళ్ళు ఇక మేమెవరం తాగం. కానీ మూయనివ్వం.