గుటక

…అయినా మింగడం తేలికైన పనని మనుషులు ఎందుకనుకుంటారో. ప్రతి గుటకకూ గొంతులో రెండు దారులుంటాయి. ఒకటి కడుపుకి, ఇంకోటి ఊపిరికి.

నేను ఒక ఇత్తడి ఉగ్గుగిన్నెను. బుడితి ఊళ్ళో ఒక కంచరి నన్ను చేసి, పాలు సన్నగా జారేలా మూతి సాగదీశాడు. తల్లి పురిట్లోనే పోతే, అసిరమ్మ తన చిన్న కాళ్ళు చాపుకుని, వాటిమీద తమ్ముడు దాలినాయుణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి నాతోనే ఉగ్గు పోసింది. వాడు ఏడుస్తూ మింగేవాడు. ఏడిస్తే బతికున్నట్టే. ప్రేమకు పోసే తొందరే కాని, మింగే కష్టం తెలియదు.

ఇప్పుడు ఆ దాలినాయుడు నెరిసిన గడ్డంతో ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. పక్షవాతం. ముక్కులో గొట్టం.

"పక్షవాతం గొంతుకీ వస్తుందమ్మా. గొట్టంలోంచి పాలు నేనే పోస్తాను. నోట్లో నీటి చుక్క కూడా వద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పోయినా దగ్గు రాదు, అదే భయం" అంది సలోమి సిస్టర్.

"ముక్కుతో తినీవోడు ఎక్కడైనా ఉన్నాడేటమ్మా?"

"మీ తమ్ముడున్నాడుగా!"

వార్డంతా నవ్వింది. అసిరమ్మ నవ్వలేదు. సిస్టర్ అటు తిరగగానే కొంగు చాటునుంచి నన్ను తీసింది. తమ్ముణ్ణి వెల్లకిలా సర్ది గంజి పోసింది. అతను దగ్గలేదు. "సూసినావా, తాగీసినాడు" అని నాతోనే అంది. ఆ గంజి ఏ దారిన పోయిందో నాకు తెలుసు. గిన్నెను ఎవరడుగుతారు?

మర్నాడు పొద్దున్నే అతని ఒళ్ళు కాలిపోతోంది.

"నోటికేమైనా పెట్టారా?"

"నానేటీ పెట్టనేదమ్మా."

సిస్టర్ డాక్టరుకి చెప్పడానికి తన బల్ల దగ్గరికి వెళ్ళింది. అసిరమ్మ మళ్ళీ నన్ను నింపింది. జ్వరం నీరసం వల్లే అనుకుంది కాబోలు. "తాగరా నాయినా, బలం వస్తాది" అంటూ వంగింది. నా మూతి అతని పెదవులకు ఆనబోయింది.

అతని ఛాతీలోంచి గురగుర వినిపించింది, కుండ అడుగున నీళ్ళు ఉడుకుతున్నట్టు. ఆమె ఆగి, దగ్గు కోసం చూసింది. ఏడుపు కోసం చూసింది. ఏదీ రాలేదు. నన్ను అతని పెదవుల దగ్గర్నుంచి వెనక్కి తీసింది.

ఆమె లేచింది. గంజి తొణుకుతుండగా నడిచి వెళ్ళి, నన్ను సిస్టర్ బల్ల మీద పెట్టింది.