పేరు కొట్టిన ఇనుము

భోజనాలయ్యాక కంచం తోమి బోర్లించే ముందు, దాని అంచు మీద చెక్కిన అక్షరాలని వేలితో తడిమి చూడడం రామతులసికి అలవాటైపోయింది. "ఉదయభాస్కర్" అని భర్త పేరు ఉంటుంది, పక్కన చిన్న పువ్వు. పెళ్ళికి నాన్న హరిబాబు నరసాపురం స్టీలు కొట్లో రెండు కంచాలు కొన్నాడు. కొట్టతను జుయ్యిమని మిషను పెట్టి పేర్లు కొడుతుంటే రామతులసి పక్కనే నిలబడి, తన పేరు చివర ఒక తులసాకు వెయ్యమని బతిమాలి మరీ వేయించుకుంది. ఆ ఆకు కంచం ఇప్పుడు అటక మీద ఉంది. "మా ఇళ్ళల్లో కొత్తకోడలు మొగుడు తిన్న కంచంలోనే తింటుందమ్మా. కాపురం కలుస్తుంది," అంటూ అత్తగారు సంపూర్ణమ్మ కాపురానికొచ్చిన రోజునే దాన్ని పైకెక్కించేసింది.

అప్పుడు రామతులసి నవ్వుకుంది. ఆ రోజుల్లో ఆమెకి దేనికైనా నవ్వే వచ్చేది. భీమవరంలో ప్రతిదీ పండగలాగే ఉండేది. బండి వెనక కూర్చుంటే కొంగు ఎగరడం, ఐసు ఫ్యాక్టరీ ముందు నుంచి పోతుంటే పాదాలకి తగిలే చల్లదనం, మేత కొట్టు కట్టేసి వస్తూ భర్త చొక్కా జేబులో వేసుకొచ్చే మల్లెమొగ్గలు, వాటికంటుకున్న రొయ్యల మేత వాసన. ఒకే కంచంలో తినడం కూడా సినిమాలా సరదాగా తోచింది. ఆ సరదాలో పడి కంచంలో ఏం మిగులుతోందో చూసుకోలేదు. చేప నడిమి ముక్క మిగిలేది కాదు. గుడ్డు మిగిలేది కాదు. తోక, ముళ్ళు, చారు కలిసిన చల్లటి అన్నం మిగిలేవి. అదీ, పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చి, పిండి రుబ్బి, రొయ్యల చెరువుల దగ్గర పనివాళ్ళకి కూడా క్యారేజీలు కట్టి, ఇంటిల్లిపాదికీ వడ్డించిన తరవాత. "వాడు ఎండనబడి చెరువుల వెంట తిరిగేవాడమ్మా, ఇంటిపట్టున ఉండేదానివి నీకేం?" అనేది అత్తగారు, ముక్క అటు జరుపుతూ.

వేసవి వెళ్ళేసరికి రామతులసికి మెట్లెక్కితే కళ్ళు తిరగడం మొదలైంది. రక్తం తక్కువగా ఉందన్నారు. సరిగ్గా ఆ వారంలోనే తణుకులో ఆడపిల్లల కాలేజీ నుంచి కబురు వచ్చింది, కెమిస్ట్రీ లెక్చరరుగా వచ్చి చేరమని. ఆమె ఎమ్మెస్సీ చదువుకి పూసిన మొదటి పువ్వు అది. కబురు విని గదిలో తలుపేసుకుని చిన్నపిల్లలా గెంతింది కూడా. భర్త మాత్రం దువ్వెన అద్దం ముందు పెట్టి, రక్తం లేని మనిషి బస్సులెక్కి పాఠాలేం చెబుతుందన్నాడు. రక్తం పట్టాక చూద్దామన్నాడు. సంపూర్ణమ్మ ఇంకో అడుగు ముందుకేసి, రోగం దాచిపెట్టి పిల్లని అంటగట్టారని వీధి అరుగుల మీద చెప్పడం మొదలెట్టింది.

అలాంటప్పుడు వచ్చింది డాక్టర్ ప్రసన్నకుమారి. ఊళ్ళో ఆడవాళ్ళు ఇంటి తిండితో పాటు ఇనుము తీసుకుంటే అందులో ఎంత రక్తంలో చేరుతుందో పరిశోధన చేస్తోందావిడ. ఒక చిన్న సీసా ఇచ్చి, రోజూ మధ్యాహ్నం పప్పన్నంలో కలుపుకోమంది. రామతులసి వివరాలు అడిగింది. ఇది మామూలు ఇనుమేనని, కాకపోతే ప్రకృతిలో చాలా అరుదుగా దొరికే రకం ఐసోటోపని, పరమాణువు కాస్త బరువెక్కువని, రేడియేషన్ లాంటిదేమీ ఉండదని డాక్టరమ్మ చెప్పింది. రుచికీ గుణానికీ తేడా తెలియదట. కానీ రక్తంలో చేరాక ఇది సీసాలోంచి వచ్చిందా, ఆకుకూరలోంచి వచ్చిందా అనేది యంత్రం విడదీసి చెబుతుందట. రామతులసికి ఒళ్ళు పులకరించింది. ఎన్నాళ్ళకి తన చదువు మాట తన చెవిన పడింది! పోల్చి చూడడానికి, ఇంట్లో అదే తిండి తిని సీసా తాగని మనిషి రక్తం కూడా ఒకటి కావాలంది డాక్టరమ్మ. ఎవరిదనేది అప్పటికి తేలలేదు.

సీసాని సంపూర్ణమ్మ తీసుకుని బీరువాలో పెట్టింది, మందులు పిల్లల చేతికిస్తే మర్చిపోతారని.

ఓ మధ్యాహ్నం రామతులసి నీళ్ళ చెంబు పట్టుకొచ్చి వంటింటి గుమ్మం దగ్గర ఆగిపోయింది. అత్తగారు సీసా మూత తీసి కొడుకు పప్పు ముద్దలో చుక్కలు వేస్తోంది. పైన నెయ్యి.

"ఫారిన్ టానిక్కంటరా. బాగా బలమట. అది నీ కంచంలోనే తింటుందిగా, దానికీ అందుతుందిలే."

అతను ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

ఆ రాత్రి రామతులసి అడిగింది, నవ్వుతూనే. అమ్మ మనసు కష్టపెట్టడం దేనికన్నాడతను. రామతులసి ఊరుకోకపోయేసరికి విసుక్కున్నాడు.

"ఎవరు తింటే ఏంటి? ఇనుము మీద పేరు రాసుంటుందా?"

ఆమె మల్లెపూలు తీసి కిటికీలో పెట్టింది. ఇంతకాలం చూసీచూడనట్టు వదిలేసినవన్నీ, తోకముక్కలూ, చల్లన్నాలూ, అరుగుల మీద మాటలూ, ఒకదాని వెనక ఒకటి వచ్చి కూర్చున్నాయి. ఏడుపొస్తుందేమోననుకుంది. రాలేదు. కడుపులో సన్నగా ఏదో గిలిగింత మొదలైంది. పరీక్షలో తనకి బాగా వచ్చిన ప్రశ్న కనబడ్డప్పటి సంతోషం లాంటిది. రాసుంటుందండీ, అనుకుంది. మీకు చదవడం రాదంతే.

మర్నాటి నుంచి సీసా సంగతి ఎత్తలేదు. అత్తగారు చుక్కలు వేసే వేళకి కావాలనే పెరట్లోకి వెళ్ళిపోయేది. సీసా ఖాళీ అయ్యాక పక్షం రోజులకి డాక్టరమ్మ సూది పట్టుకొచ్చింది. రెండో రక్తం ఎవరిదని అడిగితే, "మా ఆయనది తీసుకోండి. వారి రక్తం మంచిదని అత్తయ్యగారు ఎప్పుడూ అంటుంటారు," అంది రామతులసి. ఉదయభాస్కర్ మురిసిపోయి చొక్కా చెయ్యి మడిచాడు.

ఫలితం వచ్చే రోజునే సంపూర్ణమ్మ మొగల్తూరు నుంచి హరిబాబుని పిలిపించింది. పిల్లని తీసుకుపోయి రోగం బాగుచేయించి పంపమని చెప్పడానికి. తణుకు ఉద్యోగం మాట ఇక ఎత్తొద్దని కూడా. సావిట్లో పడక్కుర్చీలో మావగారు గంగరాజు, బల్ల చివర తలొంచుకుని హరిబాబు. డాక్టరమ్మ భార్యాభర్తలిద్దరికీ విడిగా చెబుతానంది. ఉదయభాస్కర్ ఒప్పుకోలేదు.

"అందరి ముందూ చెప్పండి. దాచుకునే అలవాటు మా ఇంటావంటా లేదండి," అన్నాడు, హరిబాబు వైపు ఓరగా చూస్తూ.

ఆవిడ రామతులసి వైపు చూసింది. రామతులసి తలూపింది.

"భాస్కర్ గారూ, చెరువులో చెక్ ట్రే ఎందుకు దింపుతారు?"

"రొయ్య మేత తిందో లేదో తెలియడానికండి."

"ఇదీ అంతే. మేమిచ్చిన ఇనుము మీ ఆవిడ రక్తంలో ఉన్నా లేనట్టే. మీ రక్తంలో మాత్రం బాగా చేరింది. మీకు అక్కర్లేకపోయినా."

అతను చెవుల దాకా ఎర్రబడ్డాడు. మంచి రక్తమే, దాగలేదు. సంపూర్ణమ్మ పైట సర్దుకుని, ఒకే కంచం కదా, ఎవరు తింటే ఏమిటని గొణిగింది. గంగరాజు కొడుకు వైపు తిరిగాడు.

"పెళ్ళాం మందు తాగావట్రా?"

ఆ ఒక్క మాటే చాలు. మాట కిటికీ దాటి వీధి అరుగుల మీదికి వెళ్ళిపోయిందని రామతులసికి తెలుసు. రేపు మేత కొట్లో, ఎల్లుండి ఐసు ఫ్యాక్టరీ దగ్గర అదే మాట ఎదురొస్తుంది.

హరిబాబు లేచి, పెట్టె సర్దుకోమ్మా వెళ్ళిపోదాం అన్నాడు.

"నేనెందుకు వెళ్తాను నాన్నా? నా ఇనుము ఇక్కడుంది," అంది రామతులసి.

వంటింట్లోకి వెళ్ళి స్టూలెక్కింది. కళ్ళు కాస్త తిరిగితే గోడ పట్టుకుని ఆగింది. అటక మీంచి కంచం దింపి, దుమ్ము కడిగి, తులసాకు తన వైపుకి వచ్చేలా పెట్టుకుని పీట మీద కూర్చుంది. ఇంట్లో ఇంకా ఎవరూ తినలేదు.

"వడ్డించండి అత్తయ్యగారూ. నడిమి ముక్క. రేపట్నుంచి తణుకు బస్సుకి వేళ దాటకూడదు."

సంపూర్ణమ్మ చెయ్యి గరిటె మీద చాలాసేపు ఆగింది. చివరికి ముక్క కంచంలో పడింది. రామతులసి తీరిగ్గా, ముళ్ళు ఒక పక్కకి పేరుస్తూ తింటోంది. గుమ్మంలో భర్త నిలబడ్డాడు. కొడుకుని చూసి అత్తగారు అతని పేరున్న కంచం అందుకోబోయింది.

"అది తీయకండి," అంది రామతులసి, తోకముక్క కంచం అంచుకి జరుపుతూ. "నేను తిన్నాక ఆయన ఇందులోనే తింటారు. కాపురం కలుస్తుంది."