క్యాంటీన్ గురువారం

ఝాన్సీలక్ష్మి మొగుడికి మందు పెట్టిందని వీధి చివరింటి మంగతాయారు అందట. ఆ మాట పాలకేంద్రం దగ్గర విని, చల్లారకుండా మోసుకొచ్చి, వాకిట్లో రొయ్యలు ఒలుస్తున్న ఝాన్సీలక్ష్మి ముందు దించింది పక్కింటి కుమారి.

"లేకపోతే పదిహేడేళ్ళు మిలిటరీలో తుపాకీ పట్టినోడు ఇంటికొచ్చి గోడ వంక చూస్తా కూచుంటాడా అంటందక్కా. మరుగుమందేనంట. మీ పుట్టిల్లు కృత్తివెన్ను గదా, సముద్రం పక్కోళ్ళకి అయ్యన్నీ తెలుసంట."

"మందే పెట్టేదాన్నయితే నోరు విప్పే మందు పెట్టేదాన్ని కదే," అంది ఝాన్సీలక్ష్మి, రొయ్య తల తుంచి పక్కన పడేస్తూ.

నవ్వింది గానీ లోపల చురుక్కుమంది. ధర్మారావు తొంభై రెండులో పింఛనుకొచ్చాడు. అంతకుముందు, ఎనభై ఎనిమిది నుంచి రెండేళ్ళు శ్రీలంకలో ఉన్నాడు. అక్కడ నేలలో మందుపాతరలుండేవట. ఆయన చెప్పింది అంతవరకే. కోడూరులో మూడెకరాల చేనుంటే అందులో అడుగుపెట్టడు. నలిగిన బాట మీదే నడుస్తాడు, గట్టు మీద గడ్డి కనబడితే ఆగిపోతాడు. అందుకని నీళ్ళు పెట్టడం, నాట్లకి మనుషుల్ని పిలవడం, ఎరువు చల్లించడం, ధాన్యం తోలించడం అన్నీ తనవే. నీటి వంతు కోసం కాలవ గట్టున మగాళ్ళతో గొంతు చించుకుని, మోకాళ్ళదాకా బురదతో ఇంటికొస్తే, "మగాడు ఉండగా ఆడది మడవ కట్టడం మా ఇంటావంటా లేదు," అనేవారు అత్తగారు. ఆ నీళ్ళతో పండిన అన్నం మాత్రం ముందు ఆవిడకే వడ్డించాలి. ఆయన్ని కదిపితే, "నాకేం జబ్బు లేదు, నన్నొదిలెయ్." నిజంగా వదిలేస్తే ఈ ఇల్లేమవుతుందో ఎవరూ అడగరు. తనకి తలనొప్పి అంటే బామ్ సీసా చేతికిచ్చారు గానీ, ఎందుకొస్తోందని ఒక్కరూ అడగలేదు.

ఆ ఏడాది, అంటే రెండు వేల మూడులో, బందరు పెద్దాసుపత్రి నుంచి ఒక కాయితం వచ్చింది. యుద్ధాలు చూసొచ్చి దిగులుతో ఉన్న మాజీ సైనికులకి వారానికో గంట చొప్పున ఎనిమిది వారాలు మాట్లాడించి నయం చేస్తారట. సూదుల్లేవు, మాత్రల్లేవు. ధర్మారావుని పంటి డాక్టరని చెప్పి బస్సెక్కించింది. అవనిగడ్డలో ఒక బస్సు మారి, చల్లపల్లి మీదుగా బందరు చేరేసరికి పొద్దెక్కింది. ఆసుపత్రి గేటు మీద 'మానసిక రోగుల విభాగం' అని ఇంతింత అక్షరాలు. ఆయన అది చదివి, అక్కణ్ణుంచే వెనక్కి తిరిగి, ఎదురుగా ఉన్న సోడా బండి దగ్గర నిలబడ్డాడు.

ఛార్జీలు పెట్టుకుని వచ్చాం గదా అని ఝాన్సీలక్ష్మి ఒక్కతే లోపలికెళ్ళింది. గదిలో రాజకుమారి అనే కౌన్సిలరు ఖాళీ కుర్చీ ఎదురుగా కూర్చుని ఉంది. మూడు నెలల్లో వచ్చింది ఇద్దరేనట.

"ఇంకా పోస్టర్లు వేయించమంటున్నారండీ మావాళ్ళు," అందావిడ నీరసంగా.

"పోస్టరు చదివి మగాడు పిచ్చాసుపత్రికి బస్సెక్కుతాడా మేడమ్? మీకు దివిసీమ మిలిటరీవాళ్ళు కావాలంటే రెండో గురువారం అవనిగడ్డ రండి. ఆ రోజు మిలిటరీ క్యాంటీన్ సరుకుల లారీ వస్తుంది. తుఫాను హెచ్చరికున్నా సరే, కార్డున్నోడు ఒక్కడూ మానడు. పొద్దున్నే టోకెన్ ఇస్తారు, రమ్ము సీసా చేతికొచ్చేసరికి మధ్యాహ్నం రెండు. ఆ నాలుగైదు గంటలూ షామియానా కింద ఒకడి మొహం ఒకడు చూసుకుంటా కూచుంటారు. పక్కనే రైస్‌మిల్లు గది ఖాళీగానే ఉంటుంది. బోర్డు పెట్టకండి, రెండు కుర్చీలు చాలు."

"తాగడానికొచ్చిన వాళ్ళతో ఏం మాట్లాడతామండీ?"

"సీసా రాకముందే మాట్లాడండి. టోకెన్ చేతిలో ఉన్నంతసేపూ మనిషి కదలడు. నచ్చితే మిగతా గురువారాలు వాళ్ళే వస్తారు. పదిమందిని బందరు లాక్కురావడం కంటే మీరొక్కరు అవనిగడ్డ రావడం తేలిక కదా."

రాజకుమారి పెన్ను తీసి రాసుకుంది. ఝాన్సీలక్ష్మి చెప్పిన మాట ఒకరు కాయితం మీద రాసుకోవడం అదే మొదలు. తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు మొగుడికివ్వకుండా తనే కూర్చుంది.

రాజకుమారి వచ్చిన మొదటి గురువారం మిల్లు గదిలోకి ముందు వెళ్ళింది హవల్దారు యేసుదాసు. మాజీ సైనికుల సంఘం పుస్తకం ఆయన దగ్గరే ఉంటుంది. పింఛను సంగతేదో అడగాలని వెళ్ళినవాడు గంటకి బయటికొచ్చి, "గదంతా ఊక దుమ్మయ్యా," అంటూ తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. మిల్లు మూతబడి రెండేళ్ళయిందని అందరికీ తెలుసు. ఎవరూ ఆ మాట అనలేదు. తరవాత ఇద్దరు లేచారు. నాలుగోవాడు ధర్మారావు.

పై వారాలూ మానలేదు. ఆరో గురువారం తోడొచ్చిన ఝాన్సీలక్ష్మి టీకొట్టు వెనక బల్ల మీద కూర్చుని ఉండగా, ముందువైపు ధర్మారావు యేసుదాసుతో అంటున్నాడు: "ఆ రోజు ముందు నడవాల్సింది నేను. బూటు లేసు కట్టుకుంటా ఆగాను. వెనకున్న కుర్రాడు ముందుకెళ్ళాడు. అంతే." గొంతు మామూలుగానే ఉంది, సంతలో బేరం చెప్పినట్టు.

ఝాన్సీలక్ష్మి చేతిలో గ్లాసు చల్లారిపోయింది. హమ్మయ్య, మనిషి బయటపడుతున్నాడు అనిపించింది. దాని వెంటే కోపమూ లేచింది. ఇన్నేళ్ళూ కంచం పెట్టి, కాళ్ళకి దారి చూపించి, ఊరి మాటలు తను మింగి, ఒక్క మాట కోసం కాచుకుంటే, ఆ మాట టీకొట్టు వెనక దొంగలా వినాల్సొచ్చిందా? ఏడవబోయి, ఎందుకేడవాలి అనుకుంది. చెబితే బరువు దిగుతుందని కళ్ళారా చూసింది. తనదీ బరువే.

ఎనిమిదో వారం అయ్యాక వచ్చిన క్యాంటీన్ గురువారం యేసుదాసు షామియానా కింద పుస్తకం తెరిచి రెండో జట్టుకి పేర్లు రాస్తున్నాడు. మొగుళ్ళ కార్డులతో వచ్చిన ఆడవాళ్ళు అరడజను మంది కూడా వరసలో ఉన్నారు. ఝాన్సీలక్ష్మి నేరుగా బల్ల దగ్గరికెళ్ళి, "అన్నయ్యా, నా పేరు రాయండి," అంది.

యేసుదాసు నవ్వాడు. "ధర్మారావుది అయిపోయిందిగా చెల్లెమ్మా."

"ఆయనది కాదు. నాది."

"నీకెందుకే?" అన్నాడు ధర్మారావు, కంగారుగా.

"ఇది మాజీ సైనికులకమ్మా," అన్నాడు యేసుదాసు. "నువ్వెక్కడ సర్వీసు చేశావు?" వరసలో మగాళ్ళు పకపకా నవ్వారు.

నవ్వులు ఆగేదాకా ఆగి, పుస్తకం తన వైపు తిప్పుకుంది.

"ఈయన శ్రీలంకలో ఉన్నది రెండేళ్ళు అన్నయ్యా. ఆయన వెంటబెట్టుకొచ్చిన శ్రీలంకతో నేను కాపరం చేసింది పదకొండేళ్ళు. సెలవు ఒక్కరోజు లేదు, పింఛనూ లేదు. ఇప్పుడు చెప్పండి, ఎవరి పేరు ముందు రాయాలో."