దిగిరాని బంతి

ఇవానె ఊళ్లో పొద్దున్నే తలుపు తీసినవాళ్లు ముందు ఆకాశంలోకి చూస్తారు, ఆ తర్వాతే గడప దాటుతారు. సోయా పాలు విరగ్గొట్టి టోఫు చేసి అమ్మే ఫుమి అయితే నెత్తిన మూకుడు బోర్లించుకుని మరీ వాకిట్లోకి వచ్చేది. ఇదంతా గెన్‌జో పుణ్యం. చేపల పడవ నడిపే కురాటా గారి అబ్బాయి గెన్‌జో ఎత్తుగా కొట్టిన బేస్‌బాల్ బంతి ఆ రోజుకి దిగిరాదు. వారానికో, నెలకో, దాని తీరికని బట్టి ఎవరింటి మీదో పడుతుంది. పెంకులు పగిలినవాళ్లు నాలుగు తిట్టి, బంతిని గుడ్డలో చుట్టి, దాన్ని విసిరిన కుర్రాడి ఇంటికి తీసుకెళ్లి ఇచ్చేవారు. ఊరి మర్యాద అది.

ఫుమి కొడుకు మికియోకి అలా తిరిగొచ్చిన బంతులు సోయా గింజల బుట్ట నిండా ఉండేవి. చిన్నప్పుడు ఇద్దరూ సముద్రపొడ్డున కలిసి ఆడినవాళ్లే. పెద్ద బడికి వచ్చేసరికి గెన్‌జో రేవు బడిలో చేరాడు, మికియో కొండ బడిలో చేరి వాళ్ల జట్టుకి బంతి విసిరేవాడయ్యాడు.

వాళ్ల చివరి ఏడాది, వేసవిలో, బడుల బేస్‌బాల్ పోటీల్లో ప్రాంతీయ ఫైనల్ ఆ రెండిటి మధ్యే పడింది. గెలిచిన జట్టు కోషియెన్‌కి వెళుతుంది. దేశంలో బ్యాట్ పట్టిన ప్రతి పిల్లాడూ కలలు కనే మైదానం అది. కొండ బడి నలభై ఏళ్లుగా దాని మొహం చూడలేదు. ముందు రోజు గెన్‌జో టోఫు కోసం గిన్నె పట్టుకుని వచ్చాడు, కానీ గిన్నె చాపలేదు.

“రేపు ఒసాకా నుంచి పెద్ద జట్టు మనిషి నన్ను చూడ్డానికి వస్తున్నాడ్రా” అన్నాడు. “నచ్చితే తీసుకెళ్తాడు. లేకపోతే నాన్న పడవ ఉండనే ఉంది. ఒక్క బంతైనా సూటిగా వెయ్యి. కొట్టలేకపోతే నా ఖర్మ.”

“వేస్తా” అన్నాడు మికియో. ఆ మాట ఇచ్చేటప్పుడు వాడికి ఏ అనుమానమూ లేదు.

కొండ బడి కోచ్ ఒనిషి గారు చెడ్డవారని ఊళ్లో ఎవరూ అనరు. మర్నాడు పొద్దున బస్సులో ఆయన చెప్పినదాంట్లో తప్పు పట్టడానికీ ఏమీ లేదు. గెన్‌జో కొట్టిన బంతి దిగిరాదు, దిగిరానిదాన్ని ఎవడూ పట్టలేడు. కాబట్టి వాడు వచ్చిన ప్రతిసారీ నాలుగు బంతులూ అందనంత దూరంగా వేసి, కొట్టనివ్వకుండా, పరుగు కోసం చుట్టి రావాల్సిన బేస్‌ల్లో మొదటిదానికి ఊరికే పంపెయ్యాలి. రూల్స్‌లో ఉన్నదే. మికియో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

మూడుసార్లు అలాగే జరిగింది. మూడోసారికి జనం లేచి, కొండ బడివాళ్లని ఇంటికి పొండి అని అరవడం మొదలుపెట్టారు. ఎవరో నీళ్ల సీసా విసిరారు. గెన్‌జో మాత్రం ప్రతిసారీ బ్యాట్‌ని మెల్లగా నేలమీద పెట్టి, తల వంచుకుని నడిచి వెళ్లాడు. తిట్టినా బాగుండేదని మికియోకి అనిపించింది.

చివరి ఇన్నింగ్స్. కొండ బడికి ఒక్క పరుగు ఆధిక్యం. రేవు బడి వాళ్లు ఇద్దరు అవుటయ్యారు, రెండో బేస్‌లో ఒకడున్నాడు. ఇంకొక్కణ్ణి అవుట్ చేస్తే కోషియెనే. అప్పుడు గెన్‌జో వచ్చాడు. ఒసాకా మనిషి పుస్తకం మూసి సంచీలో పెట్టుకుంటున్నాడు. వెనక బంతి అందుకునే క్యాచర్ లేచి పక్కకి జరిగాడు, దూరంగా వెయ్యమని.

మికియో కుదరదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. జీవితంలో మొదటిసారి.

కోచ్ కోప్పడలేదు. తాను కూర్చున్న గట్టు దిగి ముందుకొచ్చి, టోపీ తీసి, తన శిష్యుడికి నడుం వంచి నమస్కరించారు. నెరిసిన జుట్టు ఎండలో మెరిసింది. అరవై ఏళ్ల మనిషి అలా వంగి ఉంటే పద్దెనిమిదేళ్లవాడు ఏం చేయగలడు? కళ్లనీళ్లు ఆగక, మికియో మూడు బంతులు దూరంగా వేశాడు.

నాలుగోది కూడా అలాగే వెయ్యబోయాడు. చెయ్యి మాట వినలేదు. బంతి సూటిగా వెళ్లింది.

గెన్‌జో బ్యాట్ తిప్పాడు. తగలాల్సిన చోట తగల్లేదు. బంతి నిలువుగా, నెత్తిమీదికి లేచింది. ఇంకే ఊళ్లోనైనా చంటిపిల్లాడు కూడా పట్టే బంతి. మికియో దాని కింద చేతులు చాపి నిలబడ్డాడు. రెండో బేస్ కుర్రాడు పరుగెత్తి వచ్చేశాడు. గెన్‌జో కూడా మైదానమంతా చుట్టి, రెండో పరుగు పూర్తిచేసి వచ్చి, రొప్పుతూ మికియో పక్కన నిలబడి పైకి చూశాడు. బంతి రాలేదు.

అంపైర్‌గా ఉన్న బియ్యం కొట్టు నాగసె గారు పొద్దుగూకేదాకా ఆగారు. ఆ తర్వాత, ప్రస్తుతానికి రేవు బడినే కోషియెన్‌కి పంపుతున్నానన్నారు. బంతి నేలమీద పడితే గెలుపు వాళ్లది, మికియో పట్టుకుంటే కొండ బడిది. అప్పటిదాకా స్కోరు పుస్తకంలో ఫలితం గడి ఖాళీగా ఉంటుందన్నారు. అందరూ న్యాయమేనని ఇళ్లకు వెళ్లారు.

పదకొండేళ్లు ఆ గడి ఖాళీగానే ఉంది. ఒసాకా మనిషి గెన్‌జోని తీసుకెళ్లాడు, గెన్‌జో పేపర్లకెక్కాడు. మికియో టోఫు కొట్టులో కూర్చున్నాడు. పాత జట్టులో ఆరుగురు ఇప్పటికీ వాడితో మాట్లాడరు. ఏటా కొత్త సంవత్సరానికి గెన్‌జో ఊరికొచ్చి, కొట్టు ముందు నిలబడి, “వచ్చిందా?” అని అడుగుతాడు. లేదంటే మొహం వాడిపోతుంది. ఎంత పేరొచ్చినా, వాడు గెలిచినవాడిలా ఎప్పుడూ నవ్వలేదు. కోచ్ గారు మరుసటి వసంతంలోనే ఉద్యోగం మానేశారు. రోజూ పొద్దున గిన్నె పట్టుకుని వస్తారు, మికియోని ఒక్క మాట అనరు, ఆకాశంలోకి చూసి వెళ్లిపోతారు.

ఒక పొద్దున కూడా అలాగే చూశారు. ఈసారి చూపు కిందికి దించలేదు. పైనుంచి ఓ తెల్లటి చుక్క దిగివస్తోంది.

“మికియో” అన్నారు మెల్లగా. “వదిలెయ్యరా.”

వదిలెయ్యాలనే అనుకున్నాడు మికియో. కానీ పదకొండేళ్లు ఎదురుచూసిన చేతులు వాటంతటవే లేచాయి. బంతి చల్లగా, మంచుకి తడిసి, రెండు అరచేతుల మధ్యకి వచ్చి కూర్చుంది. చేతులు మూసుకున్నాయి. అవుట్. కొండ బడి గెలిచింది. చెప్పుకోవడానికి ఎవరూ లేరు, వెళ్లడానికి కోషియెనూ లేదు. కోచ్ గారు గిన్నె కింద పెట్టి, కొట్టు అరుగుమీద కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చారు.

మికియో చాలాసేపు బంతిని చూశాడు. ఆ తర్వాత చేతులు విప్పాడు. ఈసారి అవి మాట విన్నాయి. బంతి తడి రాళ్లమీద పడి, ఒకసారి ఎగిరి, కాలవ పక్కన ఆగింది.

ఇద్దరూ కలిసి బియ్యం కొట్టుకి నడిచారు. నాగసె గారు కళ్లజోడు పెట్టుకుని, పాత స్కోరు పుస్తకం తెరిచి, పెన్ను మూత తీశారు.

“నేలమీద పడిందండీ” అన్నాడు మికియో.

నాగసె గారు కోచ్ వైపు తిరిగి, “మీరూ చూశారా?” అని అడిగారు.

“చూశాను” అన్నారు ఒనిషి గారు. “నేలమీదే పడింది.”